నోటీసే అందలేదు, లేబర్ కోర్టు ఎక్స్ పార్టీ అవార్డు ఇచ్చేసింది. ఇప్పుడు దారి ఏమిటి?

ప్రెస్_రాజు
నాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, ఎన్నికలు వస్తే కరపత్రాలు. నాతో కలిపి తొమ్మిది మందిమి. పదిహేనేళ్లు చిక్కడపల్లిలో నడిపి, అద్దె భరించలేక 2019 డిసెంబరులో నాచారం మారాము.

నిన్న లేబర్ కోర్టు నుంచి ఒక నోటీసు వచ్చింది. 2018 ఆగస్టులో పని మానేసిన మెషిన్ ఆపరేటర్ మా మీద డబ్బు రాబట్టడానికి పిటిషన్ వేశాడు. అది చదివితే అసలు సంగతి తెలిసింది. 2023 జూన్‌లోనే అతడికి ఎక్స్ పార్టీ అవార్డు, అంటే నేను లేకుండానే ఇచ్చిన తీర్పు, వచ్చేసిందట! మళ్లీ పనిలోకి తీసుకోవాలి, సర్వీసు తెగకుండా లెక్కకట్టాలి, సగం బ్యాక్ వేజెస్, అంటే పనిలో లేని నెలల జీతంలో సగం, ఇవ్వాలి. నెలకు 14,000 చొప్పున 58 నెలలు, అందులో సగం 4,06,000. ఆ తర్వాతి నెలలకు పూర్తి జీతం అదనం.

అలాంటి కేసు ఒకటి నడిచిందనే నాకు తెలియదు. ఒక్క కాగితం రాలేదు. మా ఆడిటరును అడిగితే "నెల దాటిపోయింది, ఇక చేయగలిగింది లేదు, కట్టేయండి" అన్నాడు. నా మాట వినకుండా నా మీద తీర్పు ఎలా ఇస్తారు? ఎవరికైనా ఇలా జరిగిందా?

సరదా_సుబ్బు
ఊరందరికీ శుభలేఖలు అచ్చు వేసే మనిషికే పిలుపు అందలేదన్నమాట.

ఎర్రజెండా_62
"పని మానేసిన" అని ఎంత తేలిగ్గా రాశారు. మానేశాడా, మాన్పించారా? రాలేదంటే రమ్మని ఒక ఉత్తరం రాశారా? విచారణ జరిపారా? యాజమాన్యాలకు బాగా అలవాటైన విద్య ఇది. నోటీసు వస్తే తీసుకోరు, బోర్డు పీకి పక్క పేటలో పెడతారు, రికవరీకి మనిషి వచ్చి నిలబడ్డాక మాకేమీ తెలియదంటారు. ఐదేళ్లు జీతం లేని మనిషి ఇల్లు ఎలా గడిచిందో మీ పోస్టులో ఒక్క ముక్క కూడా లేదు.

ప్రెస్_రాజు
@ఎర్రజెండా_62 బోర్డు అదే, పేరు అదే, ఫోను నంబరు కూడా అదే. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో 2020 జనవరిలోనే చిరునామా మార్పించాను. దాక్కునేవాడు చేసే పనులేనా ఇవి? ఒకరోజు మాటా మాటా పెరిగింది, మర్నాటి నుంచి అతడు రాలేదు. ఉత్తరం రాయలేదు, ఒప్పుకుంటాను. తొమ్మిది మంది ఉన్న చోట ఉత్తరాలు ఎవరు రాస్తారు?

వాయిదాల_వకీలు
"ఉత్తరాలు ఎవరు రాస్తారు" అన్న ధీమాతోనే సగం కేసులు పోతాయి. అది తర్వాత మాట్లాడుకుందాం.

ముందు మీ ఆడిటరుకు పన్నులు చూసుకోమని చెప్పండి. ఎక్స్ పార్టీ అవార్డును రద్దు చేయమని అదే లేబర్ కోర్టును అడగవచ్చు. మీ కేసు 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఐడీ చట్టం (1947 పారిశ్రామిక వివాదాల చట్టం) కింద నడిచింది. అందులో ఆ అధికారం ఫలానా సెక్షన్ కింద ఉందని నేరుగా రాసి లేదు. కానీ గ్రిండ్లేస్ బ్యాంకు కేసులో 1980లోనే సుప్రీంకోర్టు తేల్చింది. తగిన కారణం వల్ల రాలేకపోయిన పక్షం అడిగితే మళ్లీ వినే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంటుందని, నోటీసే లేకుండా ఒకరి మీద ఇచ్చిన అవార్డు నిలవదని.

నెలరోజుల_నారాయణ
వకీలు గారు సగమే చెప్పారు. అదే గ్రిండ్లేస్ కేసులో గడువు మాట కూడా ఉంది. అవార్డు ప్రచురించిన 30 రోజులకు ఆ చట్టం సెక్షన్ 17ఎ కింద అమల్లోకి వస్తుంది. 20(3) ప్రకారం అంతటితో ఆ కోర్టు ముందున్న వ్యవహారం ముగిసినట్టే. ఆ తర్వాత దాని చేతిలో ఏమీ ఉండదు. 2004లో సంగం టేప్ కంపెనీ కేసులో కూడా ఇదే చెప్పారు. ఇక్కడ ప్రచురణ జరిగి ఏడాది దాటి ఉంటుంది. ఆడిటరు చెప్పింది తప్పేమీ కాదు.

వాయిదాల_వకీలు
నారాయణ గారూ, మీరు 2004 దగ్గరే ఆగిపోయారు. మరుసటి ఏడాది, 2005లో, కప్రా మజ్దూర్ ఏక్తా యూనియన్ కేసులో ఇంకో మాట వచ్చింది. తీర్పు మంచిచెడ్డలను మళ్లీ తూచడం వేరు, నోటీసు ఇవ్వకపోవడం వంటి పద్ధతిలోని తప్పును దిద్దుకోవడం వేరు అని. ఈ రెండు దారులూ కలవక కోర్టుకో మాట నడిచింది. చివరికి 2018 మే నెలలో హర్యానా సూరజ్ మాల్టింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ముడి విప్పింది. 30 రోజులు దాటిన తర్వాత వేసినా, ఎక్స్ పార్టీ అవార్డును రద్దు చేయమనే దరఖాస్తును లేబర్ కోర్టు స్వీకరించి కారణాలు పరిశీలించవచ్చు. అవార్డు సంగతే తెలియనివాడు 30 రోజుల్లో ఎలా వస్తాడు?

నెలరోజుల_నారాయణ
2018 తీర్పు చూశాను. సరే, ఒప్పుకుంటున్నాను. అయితే అందులో ఉన్నది దరఖాస్తు తీసుకుని చూడవచ్చనే. తప్పక రద్దు చేయాలని కాదు.

వాయిదాల_వకీలు
అక్షరాలా. అందుకే అసలు పోరు ఫైలులోని కవర్ల మీద.

సరదా_సుబ్బు
నారాయణ గారు ఒప్పుకున్నారు. ఈ తేదీ రాసి పెట్టుకోండి, ఇలాంటి రోజు మళ్లీ రాదు.

పాతకట్ట
లేబర్ కోర్టులో ముప్ఫై ఒక్క ఏళ్లు గుమాస్తాగా చేసి దిగాను. రాజు గారూ, ఒక్క ప్రశ్న. నిన్న వచ్చిన నోటీసు మీద చిరునామా ఏది రాసి ఉంది? చిక్కడపల్లిదా, నాచారందా?

ప్రెస్_రాజు
నాచారం. షెడ్డు నంబరుతో సహా. ఎందుకు?

పాతకట్ట
ఎందుకంటే ఆ చిరునామా కోర్టు కనిపెట్టి రాయదు. పిటిషన్ వేసినవారు ఏది ఇస్తే అదే కవరు మీదకు ఎక్కుతుంది. 33సి(2) డబ్బు పిటిషన్‌లో మీ కొత్త చిరునామా ఇచ్చిన మనిషి అసలు కేసులో ఏది ఇచ్చాడో చూడండి. అక్కడ పాతది ఉంటే, డబ్బు అడిగేటప్పుడు గుర్తొచ్చిన షెడ్డు నంబరు అంతకుముందు ఎందుకు గుర్తు రాలేదని అడిగే అవకాశం మీకు ఉంటుంది.

మామూలుగా జరిగేది చెబుతాను. పిటిషన్ నంబరు పడగానే పోస్టులో నోటీసు వెళుతుంది. కవరు తిరిగి వస్తే మళ్లీ పంపుతారు. రెండోసారీ వస్తే పేపరు ప్రకటనకు అనుమతి అడుగుతారు. ప్రకటన ప్రతి దాఖలైన రోజున బంట్రోతు మూడుసార్లు పేరు పిలుస్తాడు, ఎవరూ పలకరు, ఏ రోజు ఏం జరిగిందో రాసే డాకెట్ షీటు మీద ఎక్స్ పార్టీ అని ఒక్క ముక్క పడుతుంది. ఇక కార్మికుడు ప్రమాణ పత్రం ఇస్తాడు, కాగితాలకు డబ్ల్యూ1, డబ్ల్యూ2 అని గుర్తులు వేస్తారు, కాదనేవాడు ఉండడు, అవార్డు వచ్చేస్తుంది. దురుద్దేశం అక్కర్లేదు, గాడిలో పడిన బండిలా అదే వెళుతుంది.

రేపే వెళ్లి కాపీ అప్లికేషన్ పెట్టండి. అవార్డు ఒక్కటే కాదు, డాకెట్ షీటు, తిరిగి వచ్చిన కవర్లు, పేపరు ప్రకటన, అన్నింటికీ నకళ్లు అడగండి. కట్ట మొత్తం చూడకుండా అఫిడవిట్ మీద సంతకం పెట్టకండి.

తపాలా_తాత
పాతకట్ట గారు కవర్ల మాట ఎత్తారు కాబట్టి నాకూ నోరు ఊరింది. ముప్ఫై ఏళ్లు బీటు తిరిగినవాణ్ణి. తిరిగి వచ్చిన కవరు మీద ఏ మాట రాసి ఉందో చూడండి. "తలుపు తాళం" అని ఉంటే మేము చీటీ ఇచ్చి, కవరును ఏడు రోజులు ఆఫీసులో ఉంచి, అప్పుడు వెనక్కి పంపాలి. "తిరస్కరించారు" అని ఉంటే మీ పని అయిపోయినట్టే, అందినట్టే లెక్క. "ఇక్కడి నుంచి వెళ్లిపోయారు" అన్నది మాత్రం వేరు. ఆ మనిషి అక్కడ లేడని పోస్ట్‌మ్యానే రాసి ఇచ్చిన సాక్ష్యం అది.

ఇంకో రహస్యం. ఎండాకాలంలో మూడో అంతస్తు ఎక్కలేక కింద నుంచే "తాళం" రాసేసినవారినీ నేను ఎరుగుదును. నేను మాత్రం ఎక్కేవాణ్ణి.

సరదా_సుబ్బు
ఆ చివరి వాక్యానికి సాక్షి ఎవరు తాతగారూ?

తపాలా_తాత
నా మోకాళ్లు.

హెచ్ఆర్_బాధితుడు
మా దగ్గర కథ వేరు. కాంట్రాక్టు మీద మనుషులను సరఫరా చేసే సంస్థ. నోటీసు అందింది, మా ముద్రతో సహా. తీసుకున్నది గేటు దగ్గర వాచ్‌మన్. దాన్ని భద్రంగా టేబులు అద్దం కింద, వేంకటేశ్వరస్వామి క్యాలెండరు ముక్క పక్కన పెట్టాడు. ఎనిమిది నెలల తర్వాత అద్దం పగిలితే బయటపడింది! మా దరఖాస్తు కొట్టేశారు. "మీ మనిషి తీసుకుంటే మీరు తీసుకున్నట్టే, లోపల ఎక్కడ ఆగిందో మాకు అనవసరం" అన్నారు. నోటీసు అందకపోవడమూ, అందినదాన్ని మనం పట్టించుకోకపోవడమూ ఒకటి కాదని ఆ రోజు తెలిసింది.

ఎర్రజెండా_62
ఆ వాచ్‌మన్‌ను ఉద్యోగంలోంచి తీసేశారా?

హెచ్ఆర్_బాధితుడు
తీసేయలేదు. అతడు లేబర్ కోర్టుకు వెళితే మళ్లీ నోటీసు అతడే తీసుకోవాలి కదా.

నిల్_అవార్డు
అందరూ యజమానుల గోడే చెబుతున్నారు, కార్మికుడి వైపు నుంచి ఒకటి వినండి. నన్ను ఒక స్పిన్నింగ్ మిల్లు తీసేసింది. కేసు రెండేళ్లు నడిచాక ఫైలు ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు మారింది. ఆ కబురు నాకు రాలేదు. నేను పాత కోర్టు వరండాలో కూర్చుంటే కొత్త కోర్టులో నా పేరు పిలిచి, రాలేదని రాసి, నాకు ఏమీ రాని నిల్ అవార్డు ఇచ్చి మూసేశారు. మూడు వాయిదాలకు టీ తాగి ఇంటికి వచ్చాను, కేసు అప్పటికే చచ్చిందని తెలియక. తెలిశాక దరఖాస్తు పెట్టాను. మిల్లు వారు నారాయణ గారి లాగానే 30 రోజుల పాట పాడారు. జడ్జి గారు ఫైలు బదిలీ నోటీసు ఎక్కడుందో చూపమన్నారు. అది లేదు. కేసు మళ్లీ తెరిచారు. కాబట్టి ఈ తలుపు ఇద్దరిదీ.

వాయిదాల_వకీలు
@నిల్_అవార్డు మీ మాటకు ఒక తోక కలుపుతాను. గ్రిండ్లేస్ కేసులో ఎక్స్ పార్టీ అవార్డును రద్దు చేయమని అడిగింది ఎవరనుకున్నారు? ఉద్యోగులే. వారి సంఘం కార్యదర్శి తండ్రి చనిపోయి కర్మలు చేయాల్సి వచ్చింది, గడువు అడిగితే ఇవ్వలేదు, అవార్డు వచ్చేసింది. ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేస్తే, కూడదని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది బ్యాంకు. ఇప్పుడు యజమానులందరూ ఎత్తి చూపే తీర్పు ఉద్యోగులు గెలిచింది.

ఎర్రజెండా_62
ఈ సంగతి నాకు తెలియదు. మా యూనియన్ క్లాసులో చెబుతాను.

కాజా_కామేశం
ఇంత తిరుగుడు ఎందుకు? నేరుగా హైకోర్టులో రిట్ వేసి స్టే తెచ్చుకుంటే పోలేదా? మా బావమరిది అలాగే చేశాడు.

వాయిదాల_వకీలు
వేయవచ్చు, హైకోర్టుకు రిట్ అధికారం ఇచ్చే రాజ్యాంగంలోని 226 ఎప్పుడూ ఉంటుంది. కానీ అదే కోర్టులో దారి ఉండగా ఇక్కడికెందుకు వచ్చారనే ప్రశ్న ముందు వస్తుంది. పైగా కవరు ఎవరు తీసుకున్నారు, సంతకం ఎవరిది అన్న వాస్తవాల తగాదా రిట్‌లో తేలడం కష్టం. ఇంకోటి మీ బావమరిది మీకు చెప్పి ఉండరు. పనిలోకి తీసుకోమన్న అవార్డు మీద హైకోర్టుకు వెళితే ఐడీ చట్టంలో 17బి ఉంది. ఆ మనిషి వేరే ఎక్కడా పని చేయడం లేదని అఫిడవిట్ ఇస్తే, రిట్ తేలేదాకా ఆఖరిగా తీసుకున్న జీతం నెలనెలా కట్టాలి. ఆరేళ్లు తేలకపోతే ఆరేళ్లూ.

కాజా_కామేశం
అందుకేనా మా వాడు నెల మొదటి వారంలో ఫోను ఎత్తడు.

ప్రెస్_రాజు
నాలుగు వారాలు మాయమయ్యాను, క్షమించండి. కట్ట చూసి వచ్చాను. పాతకట్ట గారికి రెండు చేతులా దండం. అసలు కేసులో చిరునామా చిక్కడపల్లి. 2020 అక్టోబరులో ఒక కవరు, 2021లో ఇంకోటి, రెండింటి మీదా "వెళ్లిపోయారు" అనే రాసి ఉంది. ఆ తర్వాత ఒక పేపరులో ప్రకటన. ఆ పేపరును నేను జన్మలో చూడలేదు.

ఇంకా ఉంది. అతడు 2020 ఫిబ్రవరిలో పాత బోనసు బాకీ తీసుకోవడానికి నాచారం వచ్చాడు. ఆ వోచరు దొరికింది. మా వోచర్ బుక్కు మేమే అచ్చు వేసుకుంటాము కదా, పైన నాచారం చిరునామా, కింద అతడి సంతకం, రెవెన్యూ స్టాంపు. కేసు వేసింది అదే ఏడాది ఆగస్టులో.

సరదా_సుబ్బు
ఆ పేపరు ప్రకటన కూడా మీ ప్రెస్సులోనే అచ్చయిందేమో ఒకసారి చూసుకోండి.

పాతకట్ట
వోచరు మంచి కాగితం. అయితే కట్టలో ఇంకేమైనా ఉందా? మీరు "ఒక్క కాగితం రాలేదు" అన్నారు. 2020లో నేరుగా కోర్టుకు వచ్చాడంటే అంతకుముందు లేబర్ ఆఫీసులో రాజీ ప్రయత్నం నడిచి ఉండాలి. అక్కడ దరఖాస్తు పెట్టి 45 రోజులు గడిచాకే ఐడీ చట్టం 2ఎ(2) కింద నేరుగా రానిచ్చేవారు.

ప్రెస్_రాజు
అదే చెప్పడానికి మొహమాటపడుతున్నాను. ఉంది. 2019 మార్చిలో లేబర్ ఆఫీసు పంపిన నోటీసు రసీదు కార్డు మీద మా అకౌంటెంటు సంతకం ఉంది. అప్పటికి చిక్కడపల్లిలోనే ఉన్నాము. అతడిని అడిగితే "అప్పుడే మీకు చెప్పాను, చూద్దాంలే అన్నారు" అంటున్నాడు. అని ఉంటాను. నాకు గుర్తు లేదు.

ఎర్రజెండా_62
ఇదిగో! నా మొదటి పోస్టు మళ్లీ చదువుకోండి అందరూ. తగువు ఉందని తెలుసు. తెలిసే ప్రెస్సు ఎత్తుకెళ్లారు. లేబర్ ఆఫీసుకు కొత్త చిరునామా ఇస్తూ ఒక పోస్టుకార్డు రాయలేదు.

ప్రెస్_రాజు
తగువు ఉందని తెలియడమూ, కోర్టు వాయిదా తెలియడమూ ఒకటేనా? అకౌంటెంటు కార్డు మీద అవార్డు కాదు కదా వచ్చింది.

వాయిదాల_వకీలు
ఒకటి కాదు. అయినా ఎర్రజెండా గారి కోపంలో పస ఉంది, అవతలి వకీలు రేపు ఇదే కోపం చూపిస్తాడు. కాబట్టి ఆ కార్డు సంగతి అఫిడవిట్‌లో మీరే ముందు రాయండి. "2019లో రాజీ నోటీసు అందింది, పట్టించుకోలేదు, ఆ తర్వాత కోర్టు నుంచి వచ్చిన ఏ నోటీసూ అందలేదు" అని. దాచి దొరికిపోతే వోచరు కూడా విలువ పోగొట్టుకుంటుంది. డబ్బు పిటిషన్ నోటీసు ఏ తేదీన అందింది, మర్నాడు ఏం చేశారు, కాపీ ఎప్పుడు అడిగారు, ఎప్పుడు వచ్చింది, అంతా తేదీలతో రాయాలి. ఆలస్యానికి కారణం అంటే ఇదే. 33సి(2)లో కూడా హాజరై గడువు అడగండి, అక్కడ మళ్లీ ఎక్స్ పార్టీ కాకండి మహాప్రభో.

నిల్_అవార్డు
రాజు గారూ, రద్దయితే కేసు గెలిచినట్టు కాదు. మళ్లీ మొదటికి వస్తుంది, అంతే. మానేశాడని మీరు రుజువు చేయాలి. ఉత్తరం లేదు, విచారణ లేదు.

వాయిదాల_వకీలు
పైగా తొలగింపు తప్పని తేలితే బ్యాక్ వేజెస్ మామూలుగా ఇవ్వాల్సిందేనని 2013లో దీపాలి గుండు సుర్వాసే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు సగమే వచ్చింది. మళ్లీ పోరాడితే మొత్తం పడినా ఆశ్చర్యపోకండి. అతడు ఈ మధ్య వేరే చోట సంపాదించాడని మీరు చూపగలిగితే అది వేరు.

ప్రెస్_రాజు
భయపెడుతున్నారా, సలహా ఇస్తున్నారా?

వాయిదాల_వకీలు
ఫీజు తీసుకుంటే సలహా. ఇక్కడ ఉచితం కాబట్టి భయం.

ప్రెస్_రాజు
అయిదు నెలలయింది, ఈ దారం ఇంకా బతికే ఉందా? అవార్డు రద్దయింది. ఊరికే కాలేదు. ఖర్చుల కింద అతడికి 10,000 ఇవ్వాలి, కోర్టులో లక్ష డిపాజిట్ చేయాలి, అందులో సగం అతడు ఇప్పుడే తీసుకోవచ్చు. గడువులోపే కట్టేశాను. డబ్బు పిటిషన్ ఆధారం లేక మూసేశారు. అసలు కేసులో కౌంటరు, అంటే మా జవాబు, వేశాము.

అవార్డు రద్దుకు నేను పెట్టిన దరఖాస్తు మీద అతడు వేసిన కౌంటరులో ఏమి రాశాడంటే, తనకు నాచారం తెలుసు, కానీ కాగితాలు తన వకీలే లేబర్ ఆఫీసు ఫైలు చూసి తయారు చేశాడు, చిరునామా గమనించలేదు అని. మొదట నమ్మలేదు. తర్వాత ఆలోచిస్తే, మా అకౌంటెంటు కాగితం నేను చదవలేదు, అతడి వకీలు కాగితం అతడు చదవలేదు.

మొన్న వాయిదాకు వరండాలో ఎదురుపడ్డాడు. నాలుగేళ్లుగా ఒక జిరాక్స్ షాపులో చేస్తున్నాడట, తొమ్మిది వేలకు. మా పాత రెండు రంగుల మెషిన్ ఇంకా నడుస్తోందా అని అడిగాడు. నడవడం లేదు, అతడు వెళ్లాక దాన్ని సరిగ్గా తిప్పినవాడు లేడు. ఆ మాట అతడితో అనలేదు. రాజీకి వస్తారా అని మాత్రం అడిగాను, చూద్దాం అన్నాడు. రాజీ అయితే కాగితం ఎలా రాయాలి?

పాతకట్ట
ఇద్దరూ సంతకం చేసి జాయింట్ మెమో వేయండి, ఆ షరతులతోనే అవార్డు ఇస్తారు. బయట స్టాంపు కాగితం మీద రాసుకుని కేసు గాలికి వదిలేయకండి, రేపు మళ్లీ ఎవరో ఒకరు ఎక్స్ పార్టీ అవుతారు. అతడు చదువుకోవడానికి ఒక తెలుగు ప్రతి ఇవ్వండి. ఈసారి ఇద్దరి చిరునామాలూ సరిగ్గా రాయండి.

ఎర్రజెండా_62
అంకె ఎంత దగ్గర ఉంది?

ప్రెస్_రాజు
అతడు మూడు లక్షలు అంటున్నాడు. నేను రెండు అన్నాను, డిపాజిట్ కలుపుకుని.

ఎర్రజెండా_62
మూడుకు ఒప్పుకోండి. ఆ తేడా మీకు ఒక్క ఎన్నికల సీజను కరపత్రాలు.

సరదా_సుబ్బు
మున్సిపల్ ఎన్నికల దాకా వాయిదా అడగండి రాజు గారూ.